పెళ్లి కాలిఫోర్నియాలో, సెలవు విజయవాడలో: పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎప్పుడు మార్చుకోవాలి?

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన సంగతి ఇది. మీ పుట్టిల్లు గుంటూరు బ్రాడీపేట; ఉద్యోగం కాలిఫోర్నియాలో, హెచ్-1బి వీసా మీద. మొన్న వేసవిలో శాంటా క్లారా కౌంటీ కార్యాలయంలో విజయవాడ అబ్బాయితో మీకు చట్టప్రకారం పెళ్లయింది. డిసెంబరులో మూడు వారాల సెలవు పెట్టుకుని వస్తున్నారు, అప్పుడు పెద్దలు విజయవాడలో శాస్త్రోక్తంగా పెళ్లి జరిపిస్తారు. ఆ సెలవులోనే పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్పించుకుని వెళ్లమని మీ అత్తగారు అంటున్నారు. తిరుగు టికెట్టేమో పుట్టింటి పేరు మీద ఉంది. వీసా స్టాంపుకు ఇంకా గడువుంది. గవర్నర్‌పేటలో న్యాయవాదిగా, నోటరీగా ఇలాంటి పత్రాల పనులు చాలాకాలంగా చూస్తున్నవాడిగా నా సలహా ముందే చెప్పేస్తాను: ఈ సెలవులో ఆ దరఖాస్తు పెట్టకండి. మార్చుకోవాలనే ఉంటే తిరిగి వెళ్లాక శాన్ ఫ్రాన్సిస్కోలోని భారత కాన్సులేటు ద్వారా, తొందర లేకుండా చేయించుకోండి. అసలు మార్చుకోవాలా అన్నది అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం.

పెళ్లయ్యాక ఆడపిల్ల ఇంటిపేరు మార్చుకుని తీరాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. పుట్టింటి పేరుతోనే జీవితాంతం పాస్‌పోర్టు ఉంచుకోవచ్చు, దానితో ఏ దేశమైనా వెళ్లి రావచ్చు. చాలామంది రెండు వేరువేరు మార్పులను ఒకటిగా కలిపేసి కంగారు పడతారు. పాస్‌పోర్టు మొదటి పేజీలో మీ ఇంటిపేరు, పేరు ఉంటాయి. చివరి పేజీలో తండ్రి పేరు, తల్లి పేరు, వాటి కింద జీవిత భాగస్వామి పేరు, చిరునామా, పాత పాస్‌పోర్టు నంబరు ఉంటాయి. చివరి పేజీలో భర్త పేరు చేర్చుకున్నంత మాత్రాన మొదటి పేజీలో ఇంటిపేరు మారనక్కరలేదు. మీరిద్దరూ భార్యాభర్తలని పాస్‌పోర్టు చూడగానే తెలియాలన్నదే అత్తగారి ఉద్దేశమైతే, చివరి పేజీలో అబ్బాయి పేరు చేరితే అది నెరవేరుతుంది; దానివల్ల మీ వీసాకు గానీ, జీతపు లెక్కలకు గానీ, డిగ్రీ పట్టాలకు గానీ ఏ మెలికా పడదు. అయితే ఈ చిన్న మార్పుకు కూడా కొత్త పుస్తకం తీసుకోవలసిందే, ఉన్న పుస్తకంలో చేత్తో రాసి ముద్ర వేసే పద్ధతి లేదు. కాబట్టి గడువు తీరి ఎటూ కొత్తది తీసుకునే రోజున ఈ పని కలిపి చేసుకోవడం తెలివైన పని.

ఇక ఇంటిపేరు మార్చుకోవాలని మీకే ఇష్టంగా ఉందనుకుందాం. పుట్టబోయే పిల్లలకూ తల్లికీ ఒకే ఇంటిపేరుంటే బడిలో, విమానాశ్రయంలో సౌకర్యమని కొందరనుకుంటారు, అందులో తప్పేమీ లేదు. అప్పుడు మీరు ముందుగా చేయవలసింది మీ పెళ్లి సర్టిఫికెట్‌ను బల్ల మీద పరచుకుని, ఒక్కొక్క గడినీ చదవడం. కాలిఫోర్నియాలో పెళ్లికి ముందు లైసెన్సు తీసుకునేటప్పుడే, పెళ్లి తర్వాత ఏ పేరుతో ఉండదలచుకున్నారో రాయడానికి వధూవరులిద్దరికీ గడులుంటాయి. అక్కడి 2007 నాటి చట్టం ప్రకారం వచ్చిన ఏర్పాటు అది, 2009 నుంచి అమల్లో ఉంది. ఆ రోజు కౌంటరు ముందు తొందరలో చాలామంది పిల్లలు ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు, లేదా అక్కడ కూడా పుట్టింటి పేరే రాస్తారు. ఒకసారి లైసెన్సు జారీ అయిపోయాక, మనసు మార్చుకున్నామని చెప్పి ఆ గడిలో కొత్త పేరు చేర్పించుకోవడం కుదరదు. డ్రైవింగు లైసెన్సు ఇచ్చే డీఎంవీ వంటి కార్యాలయాలు పెళ్లిని ఆధారంగా చేసుకుని పేరు మార్చాలంటే ఆ గడినే చూస్తాయి. అది ఖాళీగా ఉంటే అక్కడి కోర్టు నుంచి పేరుమార్పు ఉత్తర్వు తెచ్చుకోవలసి వస్తుంది.

మీ విషయంలో ఆ గడి ఎలా ఉందో మీరు రాయలేదు, కానీ నిర్ణయమంతా దాని మీదే ఆధారపడి ఉంది. గడిలో మెట్టినింటి పేరు నిండి ఉంటే, ఆ ఒక్క కాగితమే భారత పాస్‌పోర్టుకూ, అమెరికా పత్రాలకూ ఆధారమవుతుంది. ఖాళీగా ఉంటే మాత్రం, భారత అధికారులు పెళ్లి రుజువు చూసి పాస్‌పోర్టు మార్చినా, అమెరికా పత్రాలు పాత పేరుతోనే ఆగిపోయి, మీరు రెండు పేర్ల మనిషిగా మిగిలిపోతారు. అలాంటప్పుడు పుట్టింటి పేరు కొనసాగించడమే మేలని నా అభిప్రాయం. కాదూ కూడదంటే ముందు అక్కడి కోర్టు ఉత్తర్వు, ఆ తర్వాతే పాస్‌పోర్టు.

సెలవులో వద్దని ఎందుకంటున్నానో వివరిస్తాను. విజయవాడలో ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయమూ, పాస్‌పోర్టు సేవా కేంద్రమూ ఉన్నాయి, గుంటూరువాళ్లు కూడా ఆ కార్యాలయం పరిధిలోకే వస్తారు. పేరు మార్పుకు చేసేది రీ-ఇష్యూ దరఖాస్తు, అంటే పాత పుస్తకం బదులు కొత్తది ఇమ్మని అడగడం. మామూలు పద్ధతిలో 36 పేజీల పుస్తకానికి రుసుము 1,500 రూపాయలు, 60 పేజీలదానికి 2,000 రూపాయలు. డబ్బు పరంగా చూస్తే ఇక్కడే చవక, మీ అత్తగారి మాటలో ఆ మేరకు న్యాయముంది. ఇబ్బంది వేరే చోట ఉంది. సేవా కేంద్రంలో మొదట ‘ఎ’ అనే కౌంటరులో పత్రాలు స్కాన్ చేసి ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. బి కౌంటరులో అధికారి అసలు పత్రాలతో సరిచూస్తారు. సి కౌంటరులో మంజూరు విషయం తేలుస్తారు. అన్నీ సవ్యంగా ఉంటే పాత పాస్‌పోర్టు మీద రద్దు ముద్ర వేసి, చాలాసార్లు ఆ రోజే మీ చేతికి ఇచ్చేస్తారు. ఆ క్షణం నుంచి కొత్త పుస్తకం స్పీడ్ పోస్టులో ఇంటికి వచ్చేదాకా మీ దగ్గర చెల్లే పాస్‌పోర్టు ఉండదు. పేరు మారిన కేసుల్లో మధ్యలో పోలీసు విచారణ పడవచ్చు. దరఖాస్తులో బ్రాడీపేట చిరునామా ఇచ్చి, మీరు విజయవాడలో అత్తవారింట పెళ్లి పనుల్లో ఉంటే, వచ్చిన కానిస్టేబులుకు తాళం కనబడుతుంది. అత్తవారి చిరునామా ఇస్తే, మీరు అక్కడ ఉంటున్నట్టు చూపే ఆధారం మీ పేరు మీద ఏదీ ఉండదు. ఆ నివేదిక ఆగితే పుస్తకమూ ఆగుతుంది, సెలవు మాత్రం ఆగదు. పెళ్లి, సత్యనారాయణ వ్రతం, చుట్టాల ఇళ్లలో భోజనాలు అన్నీ మూడు వారాల్లో ఇరికించుకున్నవాళ్లు ఆ జూదం ఆడకూడదు.

శాన్ ఫ్రాన్సిస్కో దారిలోనూ ఒక షరతు ఉంది. అక్కడ దరఖాస్తుతో పాటు పాత పాస్‌పోర్టు కూడా పంపవలసి ఉంటుంది గనుక, కొత్తది వచ్చేదాకా దేశం దాటే ప్రయాణం పెట్టుకోకూడదు. భారత ప్రభుత్వ పాస్‌పోర్టు వెబ్‌సైటులో ఫారం నింపి, ఆ ప్రింటును మిగతా పత్రాలతో జతచేసి కాన్సులేటు తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ సంస్థ ద్వారా సమర్పించాలి. ఆ పత్రాల్లో పెళ్లి సర్టిఫికెట్టు, మీ భర్త పాస్‌పోర్టు నకలు, అక్కడ మీకున్న చట్టబద్ధ నివాసానికి ఆధారం ముఖ్యమైనవి. పెళ్లి సర్టిఫికెట్టు అంటే పెళ్లికి ముందు అనుమతిగా ఇచ్చిన లైసెన్సు కాదు, పెళ్లి జరిపించిన రోజు చేతికిచ్చే అలంకారపు కాగితమూ కాదు. రికార్డులో నమోదైన తర్వాత కౌంటీ ముద్రతో వచ్చే ధ్రువీకృత నకలు. మూడు నాలుగు నకళ్లు ఒకేసారి తెప్పించుకోండి, ముందుముందు ఒక్కొక్క కార్యాలయం ఒక్కొక్కటి అడుగుతుంది.

మన దగ్గర పెళ్లి సర్టిఫికెట్టే అక్కరలేదని ఎవరైనా చెబితే, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోండి. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ నిబంధనలను సడలించి, పెళ్లయిన దరఖాస్తుదారులందరినీ సర్టిఫికెట్టు అడగడం మానింది. అనుబంధ పత్రాలను 15 నుంచి 9కి తగ్గించి, నోటరీ ముందు ప్రమాణం చేయనక్కరలేకుండా తెల్ల కాగితం మీద సొంత సంతకంతో ఇస్తే చాలంది. నోటరీగా నాకు నష్టం కలిగించే మాటే అయినా, అది మంచి సడలింపు. కానీ పేరే మారుతున్నప్పుడు పాత పేరునూ కొత్త పేరునూ కలిపే ఆధారం ఏదో ఒకటి చూపక తప్పదు, అందుకు విదేశంలో పెళ్లయినవారికి అక్కడి సర్టిఫికెట్టును మించిన రుజువు లేదు. ఇదంతా ఇంటిపేరు మాత్రమే మారే సందర్భానికి వర్తిస్తుంది. అసలు పేరు కూడా మార్చుకుంటే అది పెళ్లి లెక్కలోకి రాదు, పత్రికా ప్రకటనలు, గెజిట్ వంటి వేరే దారి పట్టవలసి వస్తుంది.

కొత్త ఇంటిపేరు ఎలా రాయాలో పెళ్లి శుభలేఖ చూసి నిర్ణయించకండి, మీ భర్త పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి చూసి నిర్ణయించండి. మన జిల్లాల్లో పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండిపోయి, పాస్‌పోర్టులో మొత్తం పేరంతా ఒకే గడిలోకి చేరిపోయి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. అటువంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇస్తే పేరంతా ఇంటిపేరు స్థానంలోకి పోయి, అసలు పేరు చోట, ఆ పేరు తెలియదని అర్థమిచ్చే ఎఫ్‌ఎన్‌యూ అనే మూడక్షరాలు పడతాయి. ఒంటి పేరు పాస్‌పోర్టులతో పర్యాటక వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. అందుచేత మీ భర్త గడి ఖాళీగా ఉంటే, ముందు ఆయన పాస్‌పోర్టు సరిచేయించుకుని, ఆ తర్వాత మీరు మార్చుకోవాలి. చౌదరి చివర వై ఉందా ఐ ఉందా, రెండు మాటల ఇంటిపేరు మధ్య ఖాళీ ఉందా లేదా అన్నవి కూడా అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఏ కార్యాలయంలోనైనా వివరాలు సరిచూసుకోమని తెరమీద చూపించినప్పుడు తల ఊపేయకుండా, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమూ చదవండి, అచ్చయ్యాక దిద్దాలంటే మళ్లీ కొత్త దరఖాస్తే.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, నా దృష్టిలో పేరు మార్పు కంటే ఇదే ప్రమాదకరమైనది. డిసెంబరులో విజయవాడలో పెళ్లి జరిగాక ఎవరో ఒక పెద్దమనిషి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో తెలిసినవాళ్లున్నారు, పెళ్లి రిజిస్ట్రేషను చేయించేద్దాం అంటారు. శుభలేఖ, పీటల మీద ఫొటోలు, వయసు ధ్రువపత్రాలు, సాక్షులు అన్నీ చేతిలోనే ఉంటాయి గనుక అది చిటికెలో అయ్యే పనిలాగే కనిపిస్తుంది. కానీ అలా చేస్తే ఒకే దంపతులకు రెండు పెళ్లి తేదీలతో రెండు ప్రభుత్వాల సర్టిఫికెట్లు తయారవుతాయి. కాలిఫోర్నియాలో పెళ్లయిన తేదీని మీరిప్పటికే అక్కడి ఆదాయపు పన్ను లెక్కల్లోనో, ఆఫీసు బీమా కాగితాల్లోనో రాసి ఉంటారు, రేపు గ్రీన్‌కార్డు దరఖాస్తులోనూ అదే రాస్తారు. ఇక్కడి ఫారంలో పెళ్లినాటికి మీరు అవివాహిత అని రాస్తే అది నిజం కాదు. నా దగ్గరకు వచ్చిన ఒక జంట ఇలాగే రెండు సర్టిఫికెట్లు తీసుకుని, ఒక వీసా అధికారికి ఒకటి, పాస్‌పోర్టు కార్యాలయానికి మరొకటి చూపించారు. వాళ్లలో మోసం చేసే ఉద్దేశం ఇసుమంతైనా లేదు, అయినా రెండు తేదీలెందుకున్నాయో సంజాయిషీ రాయలేక నానా అవస్థా పడ్డారు. మంగళసూత్రం, తలంబ్రాలు, అప్పగింతలు ఘనంగా జరుపుకోండి, కనకదుర్గమ్మ దర్శనం చేసుకోండి, అది మీ కుటుంబాల ముచ్చట. చట్టం దృష్టిలో మీ పెళ్లి మాత్రం శాంటా క్లారాలో అయిపోయింది. ఎవరు అడిగినా ఆ తేదీ, ఆ సర్టిఫికెట్టే.

భారత ప్రభుత్వ రికార్డు కూడా ఒకటి ఉంటే బాగుంటుందని పెద్దలు పట్టుబడితే, 1969 నాటి విదేశీ వివాహ చట్టంలో సెక్షన్ 17 ఉంది. దంపతుల్లో ఒకరైనా భారతీయ పౌరులై ఉండి, అక్కడి చట్టం ప్రకారం పెళ్లయి ఉంటే, ఆ దేశంలోని భారత వివాహాధికారి దగ్గర దానిని నమోదు చేసుకోవచ్చు. తప్పనిసరి కాదు, కానీ తేదీ మారకుండా జరిగే నమోదు అది.

అమెరికా సర్టిఫికెట్టు ఇక్కడ చూపవలసి వస్తుంది గనుక దానిమీద అపోస్టిల్ వేయించుకునే విమానం ఎక్కండి. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం సభ్యదేశాల మధ్య పత్రాలకు ఇచ్చే ధ్రువీకరణ అది. మన దేశంలో 2005 జూలై 14 నుంచి అమల్లోకి వచ్చింది. పత్రం ఏ రాష్ట్రంలో పుట్టిందో ఆ రాష్ట్రమే ఇవ్వాలి, కాబట్టి మీకు ఇచ్చేది కాలిఫోర్నియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం. ఇక్కడికి వచ్చాక హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఆ ముద్ర వేయించుకుందామంటే కుదరదు. మన విదేశాంగ శాఖ మన దేశపు పత్రాలకే అపోస్టిల్ ఇస్తుంది. ఇదే ప్రశ్నతో ఇతర దేశాల నుంచి చదివేవారికి ఒక్క మాట: కెనడా ఈ ఒప్పందంలోకి 2024 జనవరిలో వచ్చింది, యూఏఈ సభ్యదేశం కాదు గనుక అక్కడి పత్రాలకు పాత పద్ధతిలో రాయబార కార్యాలయపు ధ్రువీకరణే.

కొత్త పేరుతో పాస్‌పోర్టు వచ్చాక పాత పుస్తకాన్ని పారేయవద్దు, ఇక్కడికి పంపి బీరువాలో పెట్టించవద్దు. రద్దయిన పుస్తకంలో ఉన్నా గడువున్న వీసా చెల్లుతుంది. ప్రయాణంలో రెండు పుస్తకాలూ, పెళ్లి సర్టిఫికెట్టు నకలూ చేతి సంచిలో ఉండాలి. అయితే పేరు మారినవారు కొత్త పేరుతో మళ్లీ వీసా తీసుకోవడం మేలని అమెరికా విదేశాంగ శాఖే సూచిస్తుంది. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు హైదరాబాదులో స్టాంపింగుకు వెళ్లే ముందే పాస్‌పోర్టు పని పూర్తయి ఉండాలి, వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారం ఒక పేరుతో నింపి, ఇంటర్వ్యూనాటికి మరో పేరుతో పుస్తకం పట్టుకెళ్లే పరిస్థితి రాకూడదు. హెచ్-1బి ఆమోద పత్రం పాత పేరుతో ఉన్నంత మాత్రాన చెల్లకుండా పోదు, కంపెనీ న్యాయవాదికి చెప్పి ఉంచితే తర్వాతి పొడిగింపులో కొత్త పేరు రాస్తారు. సోషల్ సెక్యూరిటీ కార్డులో పేరు మార్పుకు రుసుము లేదు. దాని తర్వాత డ్రైవింగు లైసెన్సు, ఆ తర్వాత బ్యాంకు అన్న వరుసలో వెళితే ఒకదానికొకటి ఆధారమవుతాయి.

ఇక్కడి పత్రాల్లో ఆధారును పాస్‌పోర్టు తర్వాతే మార్చండి. ఆధారులో పేరు మార్పుకు జీవితకాలంలో రెండు అవకాశాలే ఉంటాయి, వాటిలో ఒకటి అక్షర దోషం దిద్దడానికి ఎప్పుడో వాడేసి ఉండవచ్చు, చూసుకోండి. పాన్‌లోనూ ఆధారులోనూ పేర్లు కలవకపోతే విదేశీ సంపాదన దాచుకునే ఎన్‌ఆర్‌ఈ బ్యాంకు ఖాతా దగ్గర చిక్కు మొదలవుతుంది, కనుక రెండూ ఒకే విడతలో మార్పించాలి. పదో తరగతి సర్టిఫికెట్టు, నాగార్జున విశ్వవిద్యాలయం పట్టా ఏవీ మార్చనక్కరలేదు, పుట్టింటి పేరుతో చదివారు, ఆ పేరుతోనే ఉంటాయి. పసుపుకుంకుమల కింద మీ పేరు మీద పొలం గానీ స్థలం గానీ రాసి ఉంటే, ఆ దస్తావేజునూ తిరగరాయించనక్కరలేదు. రేపు అమ్మకమో, అమ్మగారి పేర పవరాఫ్ అటార్నీయో అవసరమైనప్పుడు, కొత్త పేరు రాసి ఉరఫ్ అని పాత పేరు పక్కన చేర్చి, పెళ్లి సర్టిఫికెట్టును జతచేస్తే సరిపోతుంది. ఆ ముసాయిదా రాసే లేఖరికి రెండు పాస్‌పోర్టుల నకళ్లూ ఇవ్వండి, నోటితో చెబితే అక్షరాలు తప్పుతాయి.

తిరుగు టికెట్టు సంగతి చివరికి మిగిలింది. పుట్టింటి పేరు మీద ఉన్న టికెట్టుతో, పుట్టింటి పేరు మీద ఉన్న పాస్‌పోర్టుతో, అదే పేరు మీద ఉన్న వీసాతో మీరు నిశ్చింతగా గన్నవరం నుంచి బయలుదేరవచ్చు; మెడలో మంగళసూత్రం చూసి పేరెందుకు మారలేదని ఇమ్మిగ్రేషను అధికారి ఎవరూ అడగరు. అత్తగారికి మాత్రం కాన్సులేటు దరఖాస్తు వేసవిలో పెడతామని మీ వారి చేత చెప్పించండి.